9:3:3:1 ఎక్కడ చెడిందో చూడండి: జెనెటిక్స్, ఎపిజెనెటిక్స్ పరీక్షలకు చదివే తీరు

ఎమ్మెస్సీలో చేరిన కొత్తలో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద లావుపాటి జెనెటిక్స్ పుస్తకం కొన్నాను. బేరమాడితే నూట యాభైకి వచ్చింది. అట్ట లేదు గానీ పేజీలన్నీ ఉన్నాయి. మునుపటి ఓనరెవరో మార్జిన్లలో పెన్సిల్‌తో లెక్కలు కూడా చేసి పెట్టాడు. ఆ పుస్తకాన్ని నమ్ముకుని సెమిస్టర్ పరీక్షలో “హిస్టోన్‌కు మిథైల్ తగిలితే ఇక ఊడదు” (హిస్టోన్ అంటే డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్, మిథైల్ అంటే దానికి అంటుకునే చిన్న రసాయన గుర్తు) అని ధీమాగా రాసి మార్కులు పోగొట్టుకున్నాను. పుస్తకం అబద్ధం చెప్పలేదు, అది అచ్చయిన నాటికి తెలిసింది అంతే. ఆ మిథైల్‌ను పీకేసే ఎల్‌ఎస్‌డీ1 అనే ఎంజైమ్ సంగతి 2004లో తేలింది. డీఎన్‌ఏ మీది మిథైల్‌ను మార్చే టెట్ ఎంజైముల పని 2009లో బయటపడింది.

అందుకని ముందు పుస్తకాలు సర్దుకోండి. మెండెల్, లింకేజి (ఒకే క్రోమోజోమ్ మీది జన్యువులు కలిసి రావడం), పెడిగ్రీ (వంశవృక్షం), పాపులేషన్ జెనెటిక్స్ లెక్కలకు కోఠీలో, అబిడ్స్‌లో దొరికే పాత ఎడిషన్ భేషుగ్గా పనికొస్తుంది. బఠాణీ మొక్కలు మారలేదు, లెక్కా మారలేదు. ఎపిజెనెటిక్స్‌కు, అంటే డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే జన్యువులను తెరిచే, మూసే గుర్తుల సంగతికి మాత్రం పాతది ముట్టుకోకండి. కొత్త పుస్తకం కొనే స్తోమత లేకపోతే సీనియర్ దగ్గర ఆ రెండు మూడు చాప్టర్లు తీసుకుని చదవండి. కొనే ముందు వెనక ఇండెక్స్‌లో టెట్ ఎంజైమ్ పేరుందా లేదా చూస్తే ఎడిషన్ వయసు తెలిసిపోతుంది.

మీ పరీక్ష ఏం అడుగుతుందో ముందే తెలుసుకోండి

ఉస్మానియాలోనో హెచ్‌సీయూలోనో సెమిస్టర్ రాసేవాళ్లకు బొమ్మలతో కూడిన పెద్ద జవాబు ముఖ్యం. సీఎస్‌ఐఆర్ నెట్ (రీసెర్చ్ ఫెలోషిప్, లెక్చరర్ అర్హత పరీక్ష) లైఫ్ సైన్సెస్‌కు అది అక్కరకు రాదు. అక్కడ మూడు గంటలు, 200 మార్కులు. పార్ట్ సీలో 75 ప్రశ్నలిచ్చి 25 చేయమంటారు. ఒక్కోటి 4 మార్కులు, తప్పయితే 1 మార్కు కోత. గేట్‌లో కొన్ని ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, అంకె మనమే టైప్ చేయాలి. వాటికి నెగెటివ్ లేదు. మన రాష్ట్ర లెక్చరర్ అర్హత పరీక్ష సెట్‌లో అసలు నెగెటివ్ మార్కులే లేవు, కాబట్టి అక్కడ ఏ ప్రశ్నా ఖాళీగా వదలకండి.

నెట్ సిలబస్‌లో ఒక తిరకాసుంది. మెండెల్ వారసత్వం ఎనిమిదో యూనిట్‌లో ఉంటుంది. క్రొమాటిన్ (హిస్టోన్లకు చుట్టుకున్న డీఎన్‌ఏ), జీన్ సైలెన్సింగ్ (జన్యువు మూగబోవడం) మూడో యూనిట్‌లో ఉంటాయి. చాలామంది వరుసగా చదువుకుంటూ పోతారు కాబట్టి ఈ రెంటికీ మధ్య రెండు నెలల దూరం వస్తుంది. మూడో యూనిట్‌లో ఎపిజెనెటిక్స్ ఎంజైముల పేర్ల జాబితాలా కనిపిస్తుంది, ఎనిమిదికి వచ్చేసరికి అది కాస్తా మరిచిపోతారు. నా సలహా ఏమిటంటే వరుస తిరగేయండి. ముందు ఎనిమిదో యూనిట్ లెక్కలు, ఆ లెక్కలు ఎక్కడ తప్పుతున్నాయో అక్కడి నుంచి మూడో యూనిట్.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఒక చిన్న పని. నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా రెండు చేయండి. ఒక పక్క యుగ్మవికల్పం, సహలగ్నత, వినిమయం, అంతర్గతం, బహిర్గతం, క్షయకరణ విభజన, రెండో పక్క అల్లీల్, లింకేజి, క్రాసింగ్ ఓవర్, రెసెసివ్, డామినెంట్, మియోసిస్. నెట్ పేపర్ ఇంగ్లీషు, హిందీలలోనే వస్తుంది. ఇంటర్‌లో తెలుగులో అర్థమైనదాన్ని పారేయనక్కర్లేదు, దానికి రెండో పేరు నేర్చుకుంటే చాలు. నలభై, యాభై మాటలు దాటవు.

లెక్క చేతితో చేయాలి

జెనెటిక్స్‌ను వీడియో చూస్తూ నేర్చుకున్నానన్నవాళ్లను నేను నమ్మను. చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, కాగితం ముందు పెడితే చెయ్యి కదలదు. మూడు జన్యువుల వరుసా దూరాలూ కనిపెట్టే త్రీ పాయింట్ టెస్ట్ క్రాస్‌నే తీసుకోండి. అ, ఇ, ఉ అని మూడు మ్యుటేషన్లు అనుకుందాం, మామూలు అల్లీల్‌కు + గుర్తు. జన్యువుల అసలు వరుస మనకు తెలియదు. 1000 పిల్లలు ఇలా వచ్చాయి:

+ + + : 385
అ ఇ ఉ : 375
అ + ఉ : 61
+ ఇ + : 59
+ + ఉ : 54
అ ఇ + : 56
అ + + : 4
+ ఇ ఉ : 6

పెద్ద అంకెల జంట తల్లిదండ్రుల రకం. చిన్న అంకెల జంట డబుల్ క్రాసోవర్, అంటే క్రోమోజోమ్ రెండుచోట్ల తెగి అతుక్కున్నవి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టండి: + + + ఎక్కడ, అ + + ఎక్కడ? మారింది అ ఒక్కటే. మారింది మధ్యలోది. కాబట్టి అసలు వరుస ఇ, అ, ఉ. ఇ, అ మధ్య దూరానికి 61, 59తో పాటు ఆ 4, 6 కూడా కలపాలి. మొత్తం 130, అంటే 13 సెంటీమోర్గన్లు (జన్యువుల మధ్య దూరానికి కొలత). అ, ఉ మధ్య 54, 56, మళ్లీ ఆ 10, మొత్తం 120, అంటే 12. రావాల్సిన డబుల్ క్రాసోవర్లు 0.13ను 0.12తో, ఆపైన 1000తో గుణిస్తే 15.6. వచ్చినవి 10. పదిని 15.6తో భాగిస్తే 0.64. ఒకటిలోంచి అది తీసేస్తే ఇంటర్‌ఫియరెన్స్ (ఒకచోట తెగడం పక్కన తెగడాన్ని ఎంత ఆపుతుందన్నది) 0.36.

ఇందులో జారిపడే చోట్లు రెండు. డబుల్ క్రాసోవర్లను రెండు దూరాల్లోనూ కలపడం మర్చిపోవడం ఒకటి. రెండోది ఇ నుంచి ఉ దాకా దూరం అడిగితే చివరి రెండు జన్యువులనే చూసి 23 అనడం. రెండుసార్లు తెగి అతుక్కుంటే చివర్లు మళ్లీ పాత జోడీలాగే కనిపిస్తాయి, ఆ తెగడం లెక్కలోకి రాదు. సరైన దూరం 25. నెట్‌లో 23, 25 రెండూ ఆప్షన్లుగా పక్కపక్కనే కూర్చుని ఉంటాయి.

ఇలాంటివి రోజుకు మూడు చొప్పున రెండు వారాలు చేయండి. చిక్కడపల్లి లైబ్రరీలోనో అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలోనో కూర్చుంటే ఇంకా మంచిది, ఫోన్ తీయడానికి కాస్త సిగ్గేస్తుంది. రఫ్ పేపర్లు మాత్రం దండిగా తీసుకెళ్లండి.

మీ ఇంటి పెడిగ్రీ గీయండి

పెడిగ్రీ నేర్చుకోవడానికి మనకున్న సౌకర్యం వేరేవాళ్లకు లేదు, మన దగ్గర మేనరికాలున్నాయి. మా ఇంటి చెట్టు గీస్తుంటే అమ్మమ్మ పక్కన కూర్చుని “ఇక్కడ గీత రెండుసార్లు ఎందుకు గీశావురా?” అంది. “రక్తసంబంధంలో పెళ్లయితే జంట గీత గీయాలి అమ్మమ్మా” అన్నాను. కాసేపు కాగితం వైపు చూసి “అయితే మనింట్లో అన్నీ జంట గీతలే” అంది.

మేనమామను చేసుకుంటే పుట్టే బిడ్డకు ఇన్‌బ్రీడింగ్ కోఎఫిషియెంట్ (ఒక జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం) 1/8. మేనబావను చేసుకుంటే 1/16. ఈ రెండూ బట్టీ పట్టొద్దు, ఒక్కసారి దారులు గీసి రాబట్టండి.

ఇప్పుడొక ప్రశ్న. ఒకాయనకు ఒక తమ్ముడు, ఒక అక్క. తమ్ముడికి ఆటోసోమల్ రెసెసివ్ జబ్బుంది, అంటే రెండు కాపీలూ చెడితేనే వచ్చేది. ఆయనకు, అక్కకు, వాళ్ల అమ్మానాన్నలకు ఏమీ లేదు. ఆయన అక్క కూతురినే పెళ్లి చేసుకున్నాడు. బావగారు క్యారియర్ (జబ్బు లేకుండా ఒక చెడిన కాపీ మోసేవారు) కాదనుకోండి. పుట్టే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశమెంత?

తమ్ముడికి జబ్బుంది కాబట్టి అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లు. పిల్లల్లో 1:2:1. ఆయనకు జబ్బు లేదని తెలుసు, అంటే ఆ నాలుగింటిలో ఒకటి ముందే కొట్టేశాం. మిగిలిన మూడింటిలో రెండు క్యారియర్. కాబట్టి 2/3. నేను మొదటిసారి నెట్ రాసినప్పుడు ఇలాంటి ప్రశ్నలోనే 1/2 వేసి 4 మార్కులకు బదులు నెగెటివ్ తెచ్చుకున్నాను. అక్క కూడా 2/3, ఆమె నుంచి కూతురికి అందే అవకాశం అందులో సగం, 1/3. చివరికి 2/3, 1/3, 1/4 గుణిస్తే 1/18. అదే ఆయన బయటి సంబంధం చేసుకుని, ఆ జనాభాలో యాభైమందికి ఒక క్యారియర్ ఉంటే 2/3, 1/50, 1/4 గుణించాలి, 1/300. ఈ రెండు జవాబులూ పక్కపక్కన రాసి చూస్తే జెనెటిక్ కౌన్సెలర్ మేనరికం గురించి ఎందుకంత గుచ్చి గుచ్చి అడుగుతారో తెలుస్తుంది.

ఇప్పుడు నిష్పత్తి చెడిన చోటికి రండి

రెండు జన్యువుల క్రాస్‌లో మెండెల్ లెక్క ప్రకారం 9:3:3:1 రావాలి. దాని బదులు 9:7 వస్తే ఎపిస్టాసిస్ (ఒక జన్యువు ఇంకోదాన్ని కప్పేయడం), ఒక జన్యువుకు 3:1 బదులు 2:1 వస్తే ఒక సమయుగ్మజం గర్భంలోనే పోతోంది. ఇవి తేలికే, దాటేయండి. కాసేపు ఆగాల్సింది అమ్మ నుంచి వచ్చిందా నాన్న నుంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి జవాబు మారే చోట. ఇక్కడ మూడు రకాలు కలగాపులగం అయిపోతాయి: మెటర్నల్ ఎఫెక్ట్, మైటోకాండ్రియా వారసత్వం, ఇంప్రింటింగ్.

మెటర్నల్ ఎఫెక్ట్‌కు ఉదాహరణ నత్త. దాని గుల్ల కుడికి తిరగాలా ఎడమకు తిరగాలా అన్నది నత్త సొంత జన్యువులు చెప్పవు, తల్లి జన్యురూపం చెబుతుంది. తల్లి గుల్ల ఎటు తిరిగిందన్నది కూడా పట్టించుకోవద్దు. మైటోకాండ్రియా జబ్బు తల్లి నుంచి కొడుకులకూ కూతుళ్లకూ వస్తుంది, కొడుకు దగ్గర ఆగిపోతుంది. ఇంప్రింటింగ్‌లో మాత్రం అల్లీల్ ఏ పక్క నుంచి వచ్చిందన్నదే లెక్క, తరం మారగానే ఆ ముద్ర చెరిపి మళ్లీ వేస్తారు.

ఎలుకలో ఐజీఎఫ్2 జన్యువును తీసుకోండి. నాన్న నుంచి వచ్చిన కాపీ పనిచేస్తుంది, అమ్మ నుంచి వచ్చినది మూగగా ఉంటుంది. చెడిన కాపీని అమ్మ నుంచి తెచ్చుకున్న మగ ఎలుక మామూలు సైజులోనే ఉంటుంది. దాన్ని మామూలు ఆడ ఎలుకతో జత కలిపితే పిల్లల్లో సగం పొట్టివి. ఇప్పుడు ఆ పొట్టి పిల్లల్లో ఒక ఆడదాన్ని తీసుకుని మామూలు మగదానితో కలపండి. పిల్లలన్నీ మామూలు సైజే. అమ్మ పొట్టిది, నాన్న పొడుగు, పిల్లలందరూ పొడుగు, అయినా ఇది డామినెంట్ రెసెసివ్ గొడవ కాదు. ఈ రెండు జతల్నీ చేత్తో గీయగలిగితే ఇంప్రింటింగ్ మీకు వచ్చేసినట్టే.

మనుషుల్లో 15వ క్రోమోజోమ్, 15క్యూ11 నుంచి క్యూ13 దాకా ఉన్న ముక్క. నాన్న వైపుది పోతే ప్రాడర్-విల్లీ సిండ్రోమ్, అమ్మ వైపుది పోతే ఏంజెల్‌మన్ సిండ్రోమ్. ప్రాడర్‌లో ప పితృ, ఏంజెల్‌మన్‌లో ఇంగ్లీషు ఏ అమ్మకు. ఇదొక్కటే నేను ఒప్పుకునే బట్టీ. రెండు కాపీలూ అమ్మ నుంచే వస్తే నాన్న కాపీ లేనట్టే కదా, కాబట్టి అదీ ప్రాడర్-విల్లీయే. ఈ మెలిక తరచూ అడుగుతారు.

ఎక్స్ క్రోమోజోమ్ మూగబోవడానికి పుస్తకం అక్కర్లేదు. పాతబస్తీలో ఏదైనా ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ బల్లల కింద చూడండి. నలుపు, నారింజ, తెలుపు మూడు రంగుల పిల్లి కనిపిస్తే అది దాదాపు ఖాయంగా ఆడదే. నారింజ రంగు జన్యువు ఎక్స్ మీద ఉంది. పిండం చిన్నగా ఉన్నప్పుడే ఒక్కో కణం తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేస్తుంది. జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ 1961లో చెప్పింది ఇదే. ఆ కణం పిల్లలన్నీ అదే ఎక్స్‌ను మూసుకుంటూ పోతాయి, అందుకే చుక్కలు చుక్కలుగా కాక మచ్చలుగా పడతాయి. తెల్ల మచ్చలు వేరే జన్యువు పని, వాటిని ఇందులో కలపొద్దు. ఎప్పుడో మూడు రంగుల మగపిల్లి కనిపిస్తే అది చాలాసార్లు ఎక్స్ఎక్స్‌వై.

ప్రతి గుర్తుకూ నాలుగు ప్రశ్నలు వేయండి

డీఎన్‌ఏ అక్షరాలను మార్చకుండా, కణ విభజన జరిగినా నిలిచే గుర్తులే ఎపిజెనెటిక్స్. జీవశాస్త్రవేత్త వాడింగ్టన్ 1942లో ఈ మాట పుట్టించినప్పుడు ఆయన అర్థం కాస్త వేరు, దాని గురించి సెమిస్టర్ జవాబులో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. ప్రతి గుర్తుకూ నాలుగు అడగండి: ఎవరు రాస్తారు, ఎవరు చెరుపుతారు, ఎవరు చదువుతారు, కణం రెండైతే ఎలా మిగులుతుంది.

డీఎన్‌ఏ మిథైలేషన్‌నే చూడండి. కొత్తగా రాసేవి డీఎన్‌ఎంటీ3ఏ, 3బీ. కాపీ అయ్యాక నిలబెట్టేది డీఎన్‌ఎంటీ1. వాకిట్లో ముగ్గు సగం చెరిగితే మిగిలిన సగం చూసి అమ్మ మళ్లీ పూర్తి చేస్తుంది కదా, అది ఆ పనే. సీ తర్వాత జీ వచ్చే చోటు ఎదురు పోగులోనూ సీ, జీ గానే చదవబడుతుంది కాబట్టి పాత పోగు మీది గుర్తు కొత్త పోగుకు దారి చూపిస్తుంది. ఈ పోలిక సీ, జీ వరుసగా లేనిచోట పనిచేయదు. చెరిపేవి టెట్ ఎంజైములు, మిథైల్‌ను హైడ్రాక్సీమిథైల్‌గా మార్చి మొదలుపెడతాయి. చదివేవాటిలో ఎమ్‌ఈసీపీ2 ఒకటి, అది చెడితే రెట్ సిండ్రోమ్.

హిస్టోన్ గుర్తుల పేర్లు చూసి బెదరకండి. హెచ్3కె27 ట్రైమిథైల్ అంటే హెచ్3 హిస్టోన్, 27వ స్థానంలోని లైసీన్, దానిపై మూడు మిథైల్‌లు, అంతే. దాన్ని రాసేది పాలీకోంబ్ గుంపులోని ఈజెడ్‌హెచ్2, జన్యువును మూస్తుంది. అదే లైసీన్ మీద అసిటైల్ ఉంటే తెరుచుకున్నట్టు. రెండూ ఒకేసారి ఉండలేవు, చోటు ఒక్కటే. కె4 ట్రైమిథైల్ పనిచేస్తున్న ప్రమోటర్ల దగ్గర, కె9 ట్రైమిథైల్ గట్టిగా మూసేసిన హెటిరోక్రొమాటిన్‌లో ఉంటాయి. మిథైల్ ఒకచోట తెరిచి, ఒకచోట ఎందుకు మూస్తుందని తప్పక అడుగుతారు. అసిటైల్ లైసీన్ పాజిటివ్ చార్జ్‌ను తీసేస్తుంది, కాబట్టి డీఎన్‌ఏ పట్టు దానంతటదే సడలుతుంది. మిథైల్ చార్జ్ జోలికి పోదు. అది వట్టి జెండా, ఎవరొచ్చి చదువుతారన్నదే ఫలితం. ప్రోటీన్లలో బ్రోమోడొమైన్ అనే భాగం అసిటైల్‌ను చదువుతుంది, క్రోమోడొమైన్ అనే భాగం మిథైల్‌ను చదువుతుంది.

ఒక ఉచ్చు ఉంది, జాగ్రత్త. డ్రోసోఫిలా (పండ్ల ఈగ) కంట్లో తెలుపు, ఎరుపు మచ్చలు పడే పొజిషన్ ఎఫెక్ట్‌ను (జన్యువు చోటు మారి దాని పని మారడాన్ని) డీఎన్‌ఏ మిథైలేషన్‌తో జతచేసిన ఆప్షన్ ఇస్తారు. డ్రోసోఫిలాలో డీఎన్‌ఏ మిథైలేషన్ ఉందో లేదో అన్నంత తక్కువ, బ్రెడ్ ఈస్ట్‌లో లేనే లేదు. అక్కడ పనంతా హిస్టోన్లది. మన హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త రాకేశ్ మిశ్రా ల్యాబ్ ఏళ్లుగా డ్రోసోఫిలా మీదే క్రొమాటిన్ పని చేసింది. సీసీఎంబీ ఓపెన్ డే పెట్టినప్పుడు వెళ్లండి, మైక్రోస్కోప్ కింద ఈగను ఒక్కసారి చూస్తే ఈ పాయింట్ మళ్లీ మరిచిపోరు.

టెక్నిక్ ప్రశ్నల్లో బైసల్ఫైట్ సీక్వెన్సింగ్‌కు (ఏ సీకి మిథైల్ ఉందో చదివే పద్ధతికి) ఒక నమూనా చాలు. ఏ సీ జీ టీ సీ ఏ అనే ముక్కలో మొదటి సీకి మిథైల్ ఉంది, రెండోదానికి లేదు. బైసల్ఫైట్ వేసి పీసీఆర్ చేస్తే ఏ సీ జీ టీ టీ ఏ అని చదువుతాం. మిథైల్ లేనిది టీగా మారింది. హైడ్రాక్సీమిథైల్ ఉన్నా సీగానే కనిపిస్తుంది, ఈ పద్ధతి రెంటినీ విడదీయలేదు. మెడికల్, ఫార్మసీ వాళ్లు అజాసిటిడిన్, వోరినోస్టాట్ అనే మందులు ఏ ఎంజైమ్‌ను ఆపుతాయో చూసుకోండి: మొదటిది డీఎన్‌ఎంటీని, రెండోది హిస్టోన్ మీది అసిటైల్‌ను తీసే హెచ్‌డీఏసీని.

తరాలు లెక్కపెట్టండి

“తాతల నాటి ఆకలి మనవళ్ల ఒంట్లో” అనే వాట్సాప్ ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. 1944-45 నాటి డచ్ కరువులో కడుపులో ఉన్న పిల్లల మీద జరిగిన పరిశీలనలు నిజమే. కానీ అది ఎన్ని తరాలు దాటిందన్నది వేరే లెక్క. గర్భిణికి ఆకలి తగిలితే అక్కడ మూడు తరాలకు ఒకేసారి తగిలినట్టే: ఆమె, కడుపులోని బిడ్డ, ఆ బిడ్డలో అప్పుడే తయారవుతున్న బీజకణాలు. కాబట్టి ఆకలి నేరుగా తగలని మొదటి తరం మునిమనవళ్లు. పరీక్షలో ట్రాన్స్‌జెనరేషనల్ (తరాలు దాటిన ప్రభావం) అనాలంటే గర్భిణి అయితే ఎఫ్3 (మునిమనవళ్లు) వరకు, మగవాడికి తగిలితే ఎఫ్2 (మనవళ్లు) వరకు చూపించాలి.

ఆఖరి రోజులు

ఆరు వారాలుంటే మూడు లెక్కలకు, రెండు ఎపిజెనెటిక్స్‌కు, ఒకటి పాత పేపర్లకు. హాస్టల్ రూమ్మేట్‌కు ఆ ఐజీఎఫ్2 ఎలుకల కథ పుస్తకం చూడకుండా చెప్పండి, అతను మధ్యలో “ఆగు ఆగు, నాన్న కాపీయా అమ్మ కాపీయా?” అని అడిగిన చోట మీకూ సరిగ్గా తెలియదని అర్థం. నాగోల్ నుంచి అమీర్‌పేట మెట్రోలో నిలబడి లెక్కలు చేయలేం గానీ, రాసేది, చెరిపేది, చదివేది అని కార్డుల మీద రాసుకున్నవి తిప్పుకోవచ్చు.

పరీక్ష హాల్లో రఫ్ షీట్ ఇవ్వగానే పై మూల 2/3, 1/8, 1/16 రాసి పెట్టుకోండి. పార్ట్ సీలో అంకెలున్న జెనెటిక్స్ ప్రశ్నలు ముందు వెతకండి. వాటిలో జవాబు సరిచూసుకునే వీలుంది, పేరాగ్రాఫ్ చదివి నాలుగు స్టేట్‌మెంట్లలో రెండు ఎంచుకునేవాటిలో అది లేదు. లెక్క అయ్యాక ప్రశ్న ఆఖరి వాక్యం మళ్లీ చదవండి. “జబ్బు వచ్చే అవకాశం” అడిగారా, “జబ్బు లేని బిడ్డ క్యారియర్ అయ్యే అవకాశం” అడిగారా అన్నది అక్కడే ఉంటుంది.